బయాలజీ పై తరగతుల కోర్సులు: తొలి వారం నుంచి పరీక్ష హాలు దాకా చదవాల్సిన తీరు

‘‘డిగ్రీ మొదటి రెండేళ్లు బయాలజీలో మార్కులు ఎనభైకి తగ్గలేదు. ఇప్పుడు అంతకు రెట్టింపు చదువుతున్నా యాభై దాటడం లేదు. ఎక్కడ తేడా కొడుతోంది?’’ మాటలు వేరైనా చాలామంది అడిగేది ఇదే. ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పి చెప్పి, ఇక అంతా ఒకచోట రాసేద్దామని కూర్చున్నాను.

మారింది ప్రశ్న. కింది తరగతుల్లో మైటోకాండ్రియా చేసే పని రాయమన్నారు. ఇప్పుడు రెండు గీతలున్న గ్రాఫ్ చేతికిచ్చి, ‘‘ఈ రసాయనం కలిపాక ఆక్సిజన్ వాడకం పెరిగింది, ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) తయారీ పడిపోయింది. రసాయనం ఎక్కడ దెబ్బ కొట్టింది?’’ అంటున్నారు. ఎలక్ట్రాన్ రవాణా గొలుసులోని (మైటోకాండ్రియా పొరలో ఎలక్ట్రాన్లను ఒకదాని నుంచి ఒకటి అందుకునే ప్రోటీన్ల వరుసలోని) కాంప్లెక్సుల పేర్లన్నీ కంఠతా వచ్చినవాళ్లు కూడా ఇక్కడ ఆగిపోతారు. గొలుసు ఆగితే ఆక్సిజన్ వాడకం తగ్గాలి కదా, మరి పెరిగిందేమిటి? అంటే గొలుసు నడుస్తూనే ఉంది, అది పొర అవతలికి నెట్టిన ప్రోటాన్లు మాత్రం ఏటీపీని తయారుచేసే ఏటీపీ సింథేజ్ ఎంజైము గుండా రాకుండా పొర గుండా కారిపోతున్నాయి. ఈ రెండు వాక్యాలు సొంతంగా రాయగలిగే స్థితికి రావడమెలాగన్నదే ఈ వ్యాసం.

## 1. కోర్సు ఏ రకమో ముందు తేల్చుకోండి

బయాలజీ అంతా ఒకే పద్ధతిలో చదివేయవచ్చనుకోవడం దగ్గరే సగం నష్టం జరుగుతుంది. పై తరగతుల కోర్సులను నేను మూడు గుంపులుగా చూస్తాను.

యంత్రాంగం కోర్సులు. బయోకెమిస్ట్రీ, మాలిక్యులర్ బయాలజీ, సెల్ బయాలజీ, డెవలప్‌మెంటల్ బయాలజీ. ఏ అణువు దేన్ని పట్టుకుంటుంది, పట్టుకోకపోతే ఏమవుతుంది, ఆ సంగతి ఏ ప్రయోగం చెప్పింది అన్నవి ఇక్కడి ప్రశ్నలు.

లెక్కల కోర్సులు. జెనెటిక్స్, పాపులేషన్ జెనెటిక్స్, ఎవల్యూషన్, ఎకాలజీ, బయోఇన్ఫర్మేటిక్స్. వీటిని చదివితే రావు, చేస్తే వస్తాయి.

వ్యవస్థల కోర్సులు. ఫిజియాలజీ, న్యూరోబయాలజీ, ఇమ్యునాలజీ. ఒకచోట కదిపితే ఇంకెక్కడ ఏం కదులుతుందో చెప్పాలి.

సిలబస్ చేతికి రాగానే పాత ప్రశ్నపత్రాలు రెండు మూడు సంపాదించండి. ప్రతి ప్రశ్నలో చివరి క్రియాపదం కింద గీత గీయండి. ‘వివరించండి’, ‘నిర్వచించండి’ ఎన్ని? ‘ఊహించండి’, ‘లెక్కకట్టండి’, ‘ప్రయోగం రూపొందించండి’ ఎన్ని? రెండో రకం సగం దాటితే ఆ కోర్సుకు నోట్సు రాసుకునే సమయం తగ్గించి, ప్రశ్నలు చేసే సమయం పెంచాలి.

## 2. కోర్సుల వరుస, జతలు

ఎంచుకునే వీలున్నవాళ్లకు ఇది. లేనివాళ్లు మూడో అంశానికి వెళ్లిపోవచ్చు.

- సెల్ సిగ్నలింగ్, ఇమ్యునాలజీ తీసుకునే ముందు బయోకెమిస్ట్రీ అయిపోయి ఉండాలి. కనీసం పక్కపక్కన నడవాలి.
- డెవలప్‌మెంటల్ బయాలజీకి జెనెటిక్స్ తప్పనిసరి. మ్యూటెంట్ల (జీన్ మారిన జీవుల) భాష రాకుండా ఆ క్లాసులో కూర్చుంటే బొమ్మలు చూసి రావడమే అవుతుంది.
- ఎకాలజీకి, ఎవల్యూషన్‌కు ముందు స్టాటిస్టిక్స్ చదవండి. దాన్ని చివరి టర్ముకు వాయిదా వేసేవాళ్లే ఎక్కువ, తర్వాత బాధపడేవాళ్లూ వాళ్లే.
- ఒకే టర్ములో ల్యాబ్ ఉన్న కోర్సులు రెండుకు మించి వద్దు. ల్యాబ్ గంటలకు తోడు రిపోర్టు రాసే గంటలు కూడా ఉంటాయి, అవి టైమ్‌టేబుల్‌లో కనబడవు.

## 3. క్లాసులు మొదలవక ముందు: పునాది మరమ్మతు

పాత పుస్తకాలన్నీ మళ్లీ తిరగేయాల్సిన పనేం లేదు. కింది వాటిని పుస్తకం మూసి, కాగితం మీద చేసి చూడండి. తడబడినచోట మాత్రమే వెనక్కి వెళ్లండి.

- ☐ 20 అక్షరాల డీఎన్ఏ వరుస రాసి, దాని ఎదుటి పోగును 5 ప్రైమ్, 3 ప్రైమ్ గుర్తులతో రాయగలరా?
- ☐ అదే వరుస నుంచి ఎంఆర్ఎన్ఏ రాయగలరా? ఏ పోగు టెంప్లేటో చెప్పగలరా?
- ☐ మియోసిస్‌లో రెండు జతల క్రోమోజోములు గీసి, ఏ దశలో ఏవి విడిపోతాయో చూపగలరా?
- ☐ 10 మోలార్ ద్రావణం నుంచి 50 మి.లీ. 0.2 మోలార్ ద్రావణం చేయడానికి ఎంత తీసుకోవాలి? 1 మి.లీ. అని అరనిమిషంలో రావాలి.
- ☐ పీహెచ్ 7 నుంచి 5కు పడితే హైడ్రోజన్ అయాన్లు ఎన్ని రెట్లు పెరిగాయి? వంద రెట్లు.
- ☐ ఎంజైము వేగం గ్రాఫ్ గీసి, కేఎమ్ ఎక్కడుందో చూపగలరా?
- ☐ స్టాండర్డ్ డీవియేషన్‌కూ స్టాండర్డ్ ఎర్రర్‌కూ తేడా రెండు వాక్యాల్లో చెప్పగలరా?

ఎక్కువమంది తట్టుకుని పడేది మొదటి రెండింటి దగ్గరే. పోగుల దిశ తప్పితే పీసీఆర్ (డీఎన్ఏ ముక్కకు లెక్కలేనన్ని నకళ్లు తీసే పద్ధతి) ప్రైమర్లు, క్లోనింగ్, సీక్వెన్సింగ్ ఏవీ ఎక్కవు. సిగ్గుపడకుండా ఒక పూట కూర్చుని సరిచేసుకోండి.

## 4. వారంలో పనుల వరుస

1. క్లాసుకు ముందు 20 నిమిషాలు ఆ అధ్యాయంలోని బొమ్మలు, గ్రాఫులు మాత్రమే చూడండి. అర్థంకాని రెండింటిని రాసుకోండి.
2. క్లాసులో స్లయిడ్ మీదున్నది తిరిగి రాయకండి. స్లయిడ్ మీద లేకుండా మాస్టారు నోటితో చెప్పింది రాయండి. పరీక్షలో వచ్చేది తరచుగా అదే.
3. అదే రోజు రాత్రి తెల్లకాగితం ముందేసుకుని, ఏదీ చూడకుండా, గుర్తున్నంతా గీయండి. ఖాళీలు ఎర్రసిరాతో నింపండి.
4. రెండు మూడు రోజులాగి ప్రశ్నలు చేయండి. వెంటనే చేస్తే అన్నీ వచ్చేసినట్టే ఉంటుంది, ఆ వచ్చేసినట్టుండటమే మోసం.
5. వారాంతంలో ఎర్రసిరా ఉన్న కాగితాలు మాత్రం మళ్లీ చూడండి.

నేను మూడో ఏడాది సెల్ బయాలజీకి నాలుగు రంగుల హైలైటర్లు కొన్నాను. పుస్తకం పండగలా తయారైంది. పరీక్షలో పేర్లు చెరిపేసిన వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్లు పట్టీలుగా కనబడే పరీక్ష బొమ్మ) ఒకటి ఇచ్చి ‘‘ఏ గీత దేనిది?’’ అని అడిగితే అరగంట దాన్నే చూస్తూ కూర్చున్నాను. రంగులు వేసిన పేజీల్లో బొమ్మ కింద ఏముందో ఒక్కసారీ చదవలేదని అప్పుడు తెలిసింది.

## 5. ప్రయోగాన్ని చదవడం: ఒకటి దగ్గరగా చూద్దాం

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

డీఎన్ఏ సగం పాతది, సగం కొత్తది అయ్యేలా నకలవుతుందని అందరికీ తెలుసు. 1958లో మెసెల్సన్, స్టాల్ దాన్ని చూపించారనీ తెలుసు. ‘ఎలా తెలిసింది’ అంటే మాత్రం ‘నైట్రోజన్ వాడారు’ దగ్గర ఆగిపోతారు. పద్ధతిగా ఇలా వెళ్లాలి.

మొదటి మెట్టు: పోటీలో ఉన్న ఊహలు రాయండి. ఒకటి, పాత జంట పోగులు అలాగే ఉండి, కొత్త జంట విడిగా తయారవుతుంది. రెండు, ప్రతి కొత్త అణువులో ఒక పాత పోగు, ఒక కొత్త పోగు ఉంటాయి. మూడు, పాతవీ కొత్తవీ ముక్కలుముక్కలుగా కలిసిపోతాయి.

రెండో మెట్టు: కొలిచేదేమిటో రాయండి. బాక్టీరియాను బరువైన నైట్రోజన్-15లో చాలా తరాలు పెంచి, తర్వాత తేలికైన నైట్రోజన్-14లోకి మార్చారు. సీజియం క్లోరైడ్ ద్రావణంలో అతివేగంగా తిప్పితే డీఎన్ఏ తన సాంద్రతకు తగిన మట్టంలో పట్టీలా నిలుస్తుంది. అంటే కొలిచేది పట్టీ ఉన్న చోటు.

మూడో మెట్టు: ఫలితం చూడక ముందే, ప్రతి ఊహ ప్రకారం ఏం రావాలో రాయండి.

- మొదటి తరం తర్వాత: ఒకటో ఊహకు బరువు పట్టీ, తేలిక పట్టీ రెండూ రావాలి. రెండో ఊహకు మధ్యలో ఒక్క పట్టీ. మూడో ఊహకూ మధ్యలో ఒక్క పట్టీయే.
- రెండో తరం తర్వాత: రెండో ఊహకు మధ్య పట్టీ, తేలిక పట్టీ సమానంగా. మూడో ఊహకు మళ్లీ ఒక్క పట్టీయే, కాకపోతే మధ్యకూ తేలికకూ నడుమ.

నాలుగో మెట్టు: ఇప్పుడు ఫలితం చూడండి. మొదటి తరంలో మధ్య పట్టీ ఒక్కటే వచ్చింది. ఒకటో ఊహ పోయింది. గమనించారా, మూడోది ఇంకా బతికే ఉంది. రెండో తరంలో రెండు పట్టీలు సమానంగా వచ్చాకే అదీ పోయింది.

పరీక్షలో ‘‘మొదటి తరం ఫలితం ఒక్కటే ఉంటే ఏం తేల్చగలం?’’ అని అడిగితే మార్కులు పోయేది ఇక్కడే. ‘‘మూడో తరంలో మధ్య పట్టీ వాటా ఎంత?’’ అని అడిగినా ఈ కాగితం ముందుంటే నాలుగో వంతు అని చెప్పడానికి క్షణం పట్టదు.

ఇదే నాలుగు మెట్లు ఏ ప్రయోగానికైనా పెట్టుకోవచ్చు. డెవలప్‌మెంటల్ బయాలజీలో 1924 నాటి స్పెమాన్, మాంగోల్డ్ ప్రయోగం తీసుకోండి. న్యూట్ అనే ఉభయచరం పిండంలో బ్లాస్టోపోర్ (తొలి దశలో కణాలు లోపలికి వెళ్లే రంధ్రం) పైపెదవి కోసి ఇంకో పిండం పొట్ట వైపు అతికిస్తే అక్కడ రెండో వెన్ను లేచింది. ఆ రెండు పిండాల రంగులు వేరు. ఆ రంగు తేడానే కీలకం: కొత్త నాడీ కణజాలంలో ఎక్కువ భాగం ఆతిథ్య పిండానిదని తెలిసింది. అంటే అతికించిన ముక్క ఒక్కటే వెన్నుగా మారలేదు, పక్కవాటినీ మార్చింది. రంగుల సంగతి వదిలేసి జవాబు రాస్తే ప్రయోగమంతా చెప్పినా అసలు విషయం చెప్పనట్టే.

## 6. పరిశోధనా పత్రం చదివే వరుస

మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా నవలలా చదవకండి. మూడో పేరా దగ్గర నిద్ర వస్తుంది, అది మీ తప్పు కాదు.

1. శీర్షిక, సారాంశం చదివి, రచయితలు వేసుకున్న ప్రశ్నను సొంత మాటల్లో ఒక్క వాక్యంగా రాయండి. రాయలేకపోతే ముందుకు వెళ్లొద్దు.
2. పరిచయంలో చివరి పేరా చదవండి. ఏం చేశారో సాధారణంగా అక్కడ చెబుతారు.
3. బొమ్మల్లోకి దిగండి. ఒక్కో బొమ్మకు కింది చెక్‌లిస్టు నింపండి.
4. ఆ తర్వాతే ఫలితాల భాగం చదివి, మీ అర్థంతో పోల్చుకోండి.
5. పద్ధతుల భాగాన్ని నిఘంటువులా వాడండి. అనుమానం వచ్చినప్పుడే తెరవండి.
6. చర్చ భాగం ఆఖరున. ముందే చదివితే రచయితల కళ్లద్దాలే మీరూ పెట్టుకుంటారు.

బొమ్మ చెక్‌లిస్టు:

- ☐ అడ్డం గీత మీద ఏముంది, నిలువు గీత మీద ఏముంది, స్కేలు మామూలుదా లాగ్ స్కేలా?
- ☐ నెగటివ్ కంట్రోల్ (ఫలితం రాకూడని నమూనా) ఏది? పాజిటివ్ కంట్రోల్ (తప్పక రావాల్సిన నమూనా) ఏది?
- ☐ ఎర్రర్ బార్లు దేనివి? డీవియేషనా, స్టాండర్డ్ ఎర్రరా, కాన్ఫిడెన్స్ ఇంటర్వెలా?
- ☐ ఎన్ (నమూనాల సంఖ్య) అంటే ఇక్కడ ఏమిటి? మూడు ఎలుకలా, ఒకే ఎలుక నుంచి మూడు గొట్టాలా?
- ☐ ఈ బొమ్మ లేకపోతే పత్రంలో ఏ వాదన కూలిపోతుంది?

నాలుగో గడి దగ్గర గట్టిగా నిలబడండి. ఒకే నమూనాను మూడుసార్లు కొలిస్తే మీ పిపెట్ ఎంత నిలకడగా ఉందో తెలుస్తుంది. జీవుల మధ్య తేడా తెలియాలంటే వేర్వేరు జీవులు కావాలి.

వెస్టర్న్ బ్లాట్ అయితే లోడింగ్ కంట్రోల్ (ప్రతి గడిలో సరుకు సమానంగా పోశారో లేదో చెప్పే, యాక్టిన్ లాంటి ప్రోటీను పట్టీ) చూడనిదే ఏ మాటా అనకండి. యాక్టిన్ పట్టీయే ఒక గడిలో సగానికి పడిపోయి ఉంటే, మీ ప్రోటీను ‘తగ్గింది’ అనడానికి లేదు, ఆ గడిలో సరుకే తక్కువ పోశారు. క్యూపీసీఆర్‌లో (పీసీఆర్ నడుస్తుండగానే పరిమాణం కొలిచే పద్ధతిలో) సీటీ విలువ, అంటే సంకేతం హద్దు దాటిన సైకిల్ అంకె, ఎక్కువైతే ఆర్ఎన్ఏ తక్కువని అర్థం. మూడు సైకిళ్లు ముందే వచ్చిందంటే సుమారు ఎనిమిది రెట్లు ఎక్కువ ఉన్నట్టు. దీన్ని తిరగేసి రాసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

## 7. లెక్కల కోర్సులు

ఇక్కడ పద్ధతి కంటే పొరపాట్లు చూపించడమే ఎక్కువ ఉపయోగం.

7.1 లాక్ ఆపరాన్. బాక్టీరియాలో లాక్టోజ్‌ను వాడుకునే జీన్ల గుంపు ఇది. లాక్టోజ్ లేనప్పుడు రిప్రెసర్ అనే ప్రోటీను, ఆపరేటర్ అనే డీఎన్ఏ చోటుకు అతుక్కుని వాటిని ఆపేస్తుంది. బీటా గెలాక్టోసిడేజ్ ఎంజైమును తయారుచేసేది జడ్ జీన్. రెండు డీఎన్ఏలున్న బాక్టీరియా ఇస్తారు. ఒకదానిమీద ఆపరేటర్ చెడింది, రిప్రెసర్ దానికి అతుక్కోలేదు. దాని పక్కనున్న జడ్ జీన్ కూడా చెడింది. రెండో డీఎన్ఏ మీద అన్నీ బాగున్నాయి. లాక్టోజ్ లేనప్పుడు బీటా గెలాక్టోసిడేజ్ తయారవుతుందా?

‘ఆపరేటర్ చెడింది కాబట్టి ఎప్పుడూ తయారవుతూనే ఉంటుంది’ అని చటుక్కున రాసేస్తారు. చెడిన ఆపరేటర్ తన డీఎన్ఏ మీదున్న జీన్లనే వదిలేస్తుంది, అక్కడి జడ్ పనికిరానిది. పనికొచ్చే జడ్ బాగున్న ఆపరేటర్ కింద ఉంది. కాబట్టి లాక్టోజ్ లేనప్పుడు తయారవదు.

రిప్రెసర్ సంగతి వేరు. అది ప్రోటీను, కణమంతా తిరిగి ఏ డీఎన్ఏ మీదైనా వాలుతుంది. చేయాల్సిందల్లా ఒక్కో డీఎన్ఏను ఒక్కో వరుసగా రాసి, పనిచేసే జడ్ చుట్టూ సున్నా చుట్టి, దాని సొంత ఆపరేటర్‌ను మాత్రమే చూడటం.

7.2 హార్డీ-వైన్‌బర్గ్. అంతర్గత (రిసెసివ్) వ్యాధి 10,000 మందిలో ఒకరికి ఉంది, వాహకులు (చెడిన జీన్ ఒక్కటే ఉండి వ్యాధి లేనివాళ్లు) ఎంతమంది? 10,000లో ఒకటి అన్నది క్యూ (జనాభాలో చెడిన జీన్ వాటా) కాదు, క్యూ వర్గం. క్యూ 0.01. వాహకులు 2 × 0.99 × 0.01, అంటే సుమారు 50 మందిలో ఒకరు.

ఇదే ప్రశ్నకు కొసరు ఒకటి ఉంటుంది: తల్లిదండ్రులిద్దరికీ వ్యాధి లేదు, తమ్ముడికి ఉంది, ఆరోగ్యంగా ఉన్న అక్క వాహకురాలయ్యే అవకాశం ఎంత? సగం అనకండి. ఆమెకు వ్యాధి లేదని ఇప్పటికే తెలుసు కాబట్టి నాలుగు గడుల్లో ఒకటి కొట్టేయాలి. మిగిలిన మూడింట్లో రెండు.

7.3 కై-స్క్వేర్. ఆశించిన అంకెలకూ వచ్చినవాటికీ ఉన్న తేడా కేవలం యాదృచ్ఛికమేనా అని చూసే పరీక్ష. శాతాలు వేసి చేయకండి, లెక్క ఎలా తిరగబడుతుందో చూడండి. 3:1 రావాల్సిన చోట 25 మొక్కల్లో 21 పొడవు, 4 పొట్టి వచ్చాయి. ఆశించింది 18.75, 6.25. కై-స్క్వేర్ విలువ 1.08. ఒక డిగ్రీ ఆఫ్ ఫ్రీడమ్‌కు 0.05 దగ్గర హద్దు 3.84, కాబట్టి 3:1ను తోసిపుచ్చలేం. అదే ఫలితాన్ని 84 శాతం, 16 శాతంగా మార్చి చేస్తే 4.32 వస్తుంది, హద్దు దాటిపోతుంది. లేని 75 మొక్కలను మీరే పుట్టించారన్నమాట.

7.4 గుర్తుపెట్టి వదిలి మళ్లీ పట్టే లెక్క. మొదట 60 జంతువులకు గుర్తు పెట్టారు. రెండోసారి 50 పట్టుకుంటే 12 గుర్తులున్నవి. 60 × 50 ÷ 12 = 250. ఇంతవరకు అందరూ చేస్తారు. మార్కులు తేల్చే ప్రశ్న తర్వాతిది: కొన్ని గుర్తులు ఊడిపోతే అంచనా ఎటు తప్పుతుంది? గుర్తున్నవి తక్కువ కనబడతాయి, భాగహారంలో కింది అంకె తగ్గుతుంది, సంఖ్య ఉన్నదానికంటే ఎక్కువ వస్తుంది. ఏ సూత్రానికైనా దాని వెనకున్న షరతులు రాసి, ఒక్కోటి తప్పితే జవాబు ఎటు జరుగుతుందో బాణం గీసిపెట్టుకోండి.

7.5 జాతుల వంశవృక్షాలు. కొమ్మల చివర్లు పక్కపక్కన ఉన్నాయని దగ్గర బంధువులనుకోకండి. కణుపు దగ్గర కొమ్మను అటుదిటు తిప్పినా చెట్టు అదే. రెండు చివర్ల నుంచి వెనక్కి నడిచి, కలిసిన కణుపు ఎంత ఇటీవలిదో చూడండి.

## 8. వ్యవస్థల కోర్సులు: బాణాల కాగితం

ఇక్కడ పేరాలు చదివితే మర్నాటికి ఏమీ మిగలదు. ప్రతి అంశాన్నీ బాణాలుగా మార్చండి. బాణం మీద పెరిగిందో, తగ్గిందో గుర్తు తప్పనిసరి.

రక్తస్రావం జరిగితే శరీరం ఏం చేస్తుంది? చాలామంది ‘బారోరిసెప్టర్లు (ధమని గోడ సాగడాన్ని పసిగట్టే నాడీ కొసలు) ప్రేరేపితమై గుండె వేగం పెంచుతాయి’ అని రాస్తారు. గుర్తులు పెట్టి గీస్తే తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది.

ధమనుల్లో పీడనం తగ్గింది → ధమని గోడ సాగడం తగ్గింది → బారోరిసెప్టర్లు పంపే సంకేతాలు తగ్గాయి → సింపథెటిక్ (గుండెను పరుగెత్తించే) నాడుల మీదున్న అదుపు సడలింది, వేగస్ (గుండెను నెమ్మదింపజేసే) నాడి ప్రభావం తగ్గింది → గుండె వేగం పెరిగింది, రక్తనాళాలు బిగిశాయి → పీడనం మళ్లీ పైకి.

సంకేతం తగ్గడమే ఇక్కడ వార్త. గీసిన తర్వాత మధ్యలో ఒక బాణం అడ్డంగా కొట్టేసి, ‘‘ఇది తెగితే?’’ అని మీకు మీరే ప్రశ్న వేసుకోండి. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లు చేసేదీ అదే.

ఇమ్యునాలజీకి మాత్రం అదనంగా ఒక పని ఉంది. సీడీ4, సీడీ8 (రోగనిరోధక కణాల మీది గుర్తు ప్రోటీన్లు), ఇంటర్‌ల్యూకిన్ల (ఆ కణాలు పంపుకునే సంకేత ప్రోటీన్ల) అంకెలు ఇవన్నీ మొదటి మూడు వారాల్లోనే కార్డుల మీద రాసి నోటికి తెచ్చుకోవాలి. బట్టీ వద్దని ఊరంతా చెబుతారు, ఈ కోర్సులో పదాలు బట్టీ పట్టాల్సిందే. పదాలు రాకపోతే బాణాలు గీయడానికి చేతిలో ఏమీ ఉండదు.

## 9. ల్యాబ్

ల్యాబ్‌కు వెళ్లే ముందు:

- ☐ ప్రయోగం అడిగే ప్రశ్న ఒక్క వాక్యంలో రాశాను.
- ☐ గొట్టాల పట్టిక గీశాను, కంట్రోళ్లతో సహా.
- ☐ డైల్యూషన్ లెక్కలు ఇంట్లోనే చేశాను.
- ☐ రావాల్సిన ఫలితం, రాకపోతే అనుమానించాల్సినవి రాశాను.

నోట్‌బుక్‌లో జరిగింది జరిగినప్పుడే రాయండి. చిత్తుకాగితం మీద రాసి తర్వాత ఎక్కించుదామనుకుంటే కాగితం పోతుంది, లేదా జ్ఞాపకం అందంగా మారిపోతుంది. తప్పు పడితే ఒక్క గీతతో కొట్టి పక్కన సరైనది రాయండి, కింద ఉన్నది కనబడాలి.

తరచుగా జరిగే పొరపాట్లు మూడు:

పలచన లెక్క. 1 మి.లీ.కి 9 మి.లీ. కలిపితే పది రెట్ల పలచన. 10 మి.లీ. కలిపితే పదకొండు రెట్లు. కాలనీల లెక్కలో ఇంకో మతలబు: లక్ష రెట్లు పలచన చేసిన ద్రవం 0.1 మి.లీ. ప్లేట్ మీద పోస్తే 42 కాలనీలు వచ్చాయి. 42 లక్షలు అని రాసి ఊరుకుంటారు. పోసింది మి.లీ.లో పదోవంతే కాబట్టి ఇంకో పది పెట్టి గుణించాలి, అప్పుడు మి.లీ.కి 4.2 కోట్లు.

ట్రిస్ బఫర్. పీహెచ్‌ను నిలకడగా ఉంచడానికి వాడే ద్రావణమే అయినా దీని పీహెచ్ ఉష్ణోగ్రతతో మారుతుంది, డిగ్రీకి సుమారు 0.03 చొప్పున, చల్లబడితే పైకి. 25 డిగ్రీల దగ్గర 8.0కి సరిచేసినది 4 డిగ్రీల గదిలో 8.6 దాకా పోతుంది. వాడే ఉష్ణోగ్రత దగ్గరే సరిచేయండి. ఈ ఒక్క విషయం తెలియక ఎంజైము ‘చచ్చిపోయింది’ అంటూ నేను రెండు వారాలు పోగొట్టుకున్నాను.

పీసీఆర్‌లో డీఎన్ఏ కలపని గొట్టంలోనూ పట్టీ రావడం. ఏదో కలుషితమైంది. మిగతా గొట్టాల్లో ఎంత చక్కటి పట్టీలున్నా ఆ ఫలితం వాడకూడదు. నీళ్లు, ప్రైమర్లు కొత్తవి తీసుకుని మళ్లీ చేయండి, అన్నిటికంటే ముందు నీళ్ల మీదే అనుమానపడండి.

## 10. ‘ప్రయోగం రూపొందించండి’ అనే ప్రశ్నకు జవాబు

పది మార్కుల ప్రశ్న, రెండు పేజీల తెల్లకాగితం. ‘ఎక్స్ అనే ప్రోటీను కణ వలసకు అవసరమని ఎలా నిరూపిస్తారు?’ ఈ వరుసలో రాయండి.

1. ఊహ ఒక్క వాక్యంలో: ఎక్స్ లేకపోతే కణాలు కదలడం తగ్గుతుంది.
2. మార్చేది: ఎక్స్ జీన్‌ను తీసేయడం.
3. కొలిచేది: పెట్రీ గిన్నెలో కణాల పొర మీద గీత గీకి, 12 గంటల్లో ఖాళీ ఎంత పూడిందో. ‘కదలిక చూస్తాం’ అని వదిలేస్తే మార్కులు రావు.
4. కంట్రోళ్లు: జీన్ తీయని కణాలు, సంబంధం లేని వేరే జీన్ తీసిన కణాలు.
5. తిరిగి పెట్టడం: జీన్ తీసిన కణాలకే ఎక్స్‌ను మళ్లీ ఇచ్చి, కదలిక తిరిగొస్తుందో లేదో చూడటం. సగం మంది మరిచిపోయేది ఇదే. ఇది లేకుండా, తీసేటప్పుడు ఇంకేదో పాడైందేమోనన్న అనుమానం తీరదు.
6. ఇంకో అర్థం: ఎక్స్ లేక కణాలు విభజన చెందడమే ఆగిపోయిందేమో? అప్పుడూ ఖాళీ పూడదు. విభజనను విడిగా కొలవాలి.
7. ఫలితం ఎటు వస్తే ఏమంటారు: రెండు వైపులా రాయండి.

‘అవసరం’ అన్న మాటను, ‘అదొక్కటే చాలు’ అన్న మాటను కలిపేయకండి. తీసేస్తే పని ఆగిందంటే అవసరమని అర్థం. మామూలుగా ఆ పని జరగని చోట పెడితే జరిగిందంటే అదొక్కటే చాలని అర్థం. పైన చూసిన స్పెమాన్, మాంగోల్డ్ ప్రయోగం రెండో రకం.

## 11. ఎక్కడ తేడా కొడుతోంది, ఏం చేయాలి

- చదివితే అర్థమవుతోంది, ప్రశ్న వస్తే రాదు. చదవడం ఆపి, వారంలో కనీసం సగం సమయం ప్రశ్నలకు ఇవ్వండి. జవాబు చూసే ముందు పది నిమిషాలు తన్నుకోండి.
- జవాబు తెలుసు, మార్కులు పడటం లేదు. దిద్దిన పేపరు తెచ్చుకుని, మార్కు పోయిన ప్రతిచోటా కారణం ఒక్క మాటలో రాయండి: కంట్రోల్ లేదు, యూనిట్ లేదు, దిశ తప్పింది, ప్రశ్న సగమే చదివాను. రెండు పేపర్లు చాలు, మీకు అలవాటైన తప్పు పట్టుబడిపోతుంది.
- గుంపుగా చదువుతుంటే కబుర్లే అవుతున్నాయి. ముగ్గురికి మించొద్దు. ప్రతి ఒక్కరూ పేర్లు చెరిపేసిన ఒక బొమ్మ తేవాలి, మిగతా ఇద్దరూ దాన్ని విప్పాలి. బొమ్మ తేనివాళ్లకు ఆ పూట ప్రవేశం లేదు.
- మాస్టారి దగ్గరికి వెళ్లడానికి మొహమాటం. ‘అర్థం కాలేదు సార్’ అని వెళితే ఆయనకూ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. ‘మొదటి తరం దాకా చేశాను మేడమ్, రెండో తరంలో నాకు మూడు పట్టీలొస్తున్నాయి, ఎక్కడ తప్పాను?’ అని కాగితంతో వెళ్లండి. ఐదు నిమిషాల్లో పని అయిపోతుంది.
- పరీక్షకు నాలుగు రోజులే ఉంది, ఏదీ కాలేదు. అధ్యాయాలు మొదట్నుంచీ చదవొద్దు. పాత పేపరు ఒకటి గడియారం పెట్టుకుని రాయండి, రానివి గుర్తుపెట్టుకోండి, ఆ భాగాల బొమ్మలు మాత్రం తెల్లకాగితం మీద గీయండి. మర్నాడు ఇంకో పేపరు. నాలుగో రోజు రాత్రి పొద్దుపోకముందే పడుకోండి, అరగంట వెస్టర్న్ బ్లాట్‌ను చూస్తూ కూర్చున్న రోజు నేను ముందు రాత్రి మూడింటిదాకా మేలుకునే ఉన్నాను.